ఏ అంకెకి ఏ పని?



నేను సింగపూర్‌లో, జురాంగ్ ఈస్ట్ దగ్గర తెబాన్ గార్డెన్స్‌లో ఉంటాను. మా బ్లాకు నుంచి కాస్త నడిస్తే పండాన్ జలాశయం వస్తుంది. దాని చుట్టూ పెద్ద గట్టు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక ఆ గట్టు మీద నడుస్తాను. నా పక్కనుంచి కుర్రాళ్లు పరుగులు తీస్తుంటారు. నా చూపు మాత్రం గట్టు వాలు మీదే ఉంటుంది. ఎక్కడన్నా తడి కనిపిస్తోందా, ఎక్కడన్నా మట్టి జారిందా అని. అక్కడ అలాంటిదేమీ ఉండదు. అయినా చూస్తాను. కృష్ణా గోదావరుల పక్కన పెరిగినవాళ్లకి ఈ అలవాటు సముద్రం దాటినా పోదు.

ఇవాళ మీతో ఒక్క సంగతే చెప్తాను. ఏరు పెరుగుతోందంటే మనందరం అంకెలు చూస్తాం. ఎన్ని అడుగులు, ఎన్ని లక్షల క్యూసెక్కులు అని. ఆ అంకె పక్కన మన ఇంటివాళ్లు చెయ్యాల్సిన పని ఒకటి ముందే రాసి ఉండాలి. నేల పొడిగా ఉన్నప్పుడే రాసి ఉండాలి. అప్పుడే ఆ అంకె మనకి అక్కరకొస్తుంది. ఇంతే నేను చెప్పేది. ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను.

2024 ఆగస్టు 31, శనివారం. విజయవాడలో కుండపోత. మా అక్క వాళ్లు సింగ్ నగర్‌లో ఉంటారు. కింది వాటా. నేనిక్కడ జురాంగ్ ఈస్ట్‌లో ఫోను పట్టుకుని కూర్చున్నాను. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం ఎంత అని చూస్తున్నాను. గంటగంటకీ పెరుగుతోంది. అక్కకి ఫోన్ చేశాను. "అక్కా, కృష్ణ మీకు దూరం. మధ్యలో ఊరంతా ఉంది. భయం లేదు, పడుకోండి" అన్నాను.

ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగింది. "తమ్ముడూ, వీధిలోకి నీళ్లొస్తున్నాయిరా. ఎక్కడివిరా ఈ నీళ్లు?" అంది అక్క. నాకు తెలియలేదు. నేను ఇంకా బ్యారేజీ అంకె దగ్గరే ఉన్నాను. కృష్ణ గట్టు ఎక్కడన్నా తెగిందా అని వెతుకుతున్నాను. ఆ మాట, ఈ మాట అనుకునేలోపు నీళ్లు గడప దాటాయి. వాళ్లు పిల్లలతో మేడ మీది వాటాలోకి ఎక్కారు. ఆ తర్వాత రెండు రోజులు ఫోన్ కలవలేదు. ఆ రెండు రోజులు నేనెలా ఉన్నానో చెప్పడం నా వల్ల కాదు.

ఆ నీళ్లు కృష్ణవి కావు. బుడమేరువి.

విజయవాడలో పుట్టినవాళ్లకి బుడమేరు తెలుసు. బెజవాడ దుఃఖదాయిని అంటారు దాన్ని. మైలవరం వైపు కొండల్లో నీరంతా దానిలోకి దిగుతుంది. అది వెళ్లి కొల్లేరులో కలవాలి. ఊరి మీద పడకుండా వెలగలేరు దగ్గర దాన్ని మళ్లించి, ఒక కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలోకి పంపే ఏర్పాటు ఉంది. మామూలు వానలకి అది చాలు. కానీ ఆ రోజు కృష్ణ కూడా నిండుగా ఉంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. స్నానాల గదిలో తూము సంగతి చూడండి. తూము బాగానే ఉంది. కానీ తూము అవతల ఉన్న తొట్టి అంచుదాకా నిండి ఉంది. ఇవతల మీరు బిందెలు బిందెలు పోస్తున్నారు. ఆ నీళ్లు ఎటు పోతాయి? వెనక్కే వస్తాయి. మీ కాళ్ల దగ్గరికే వస్తాయి. చిన్న ఏటికి పెద్ద ఏరు అడ్డం నిలబడితే జరిగేది అదే. ఆ మళ్లింపు కాలువ ఎడమ గట్టుకి కవులూరు దగ్గర గండ్లు పడ్డాయి. మూడు గండ్లు. నీళ్లు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మీదికి వచ్చాయి. ఆ గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా వచ్చింది. మూడో గండి పూడేసరికి సెప్టెంబర్ 7 అయింది. అన్నం పొట్లాలు డ్రోన్లతో ఇళ్ల మీద దించారు.

ఇక కృష్ణ సంగతి. సెప్టెంబర్ 2న బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు పారాయి. ఒక క్యూసెక్కు అంటే సెకనుకి సుమారు 28 లీటర్లు. మనం ఇంట్లో పెట్టుకునే నీళ్ల క్యాను 20 లీటర్లు. దాదాపు క్యానున్నర అనుకోండి. దాన్ని 11 లక్షల 43 వేలతో హెచ్చవేయండి. ఒక్క సెకనులో 3 కోట్ల 20 లక్షల లీటర్లు. ఒలింపిక్ పోటీలు జరిగే ఈత కొలనులో 25 లక్షల లీటర్లు పడతాయి. మనం ఒక్క సెకను కన్ను మూసి తెరిచేలోపు అలాంటివి 12, 13 కొలనులు బ్యారేజీ దాటిపోయాయన్న మాట. 2009 అక్టోబర్‌లో కూడా పెద్ద వరద వచ్చింది. దాన్ని మించిపోయింది ఇది.

ఎంత పెద్ద అంకె! నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. కృష్ణలంకలో ఉన్నవాళ్లకి అది అవసరమైన అంకె. అక్కడ గోడ పక్కనే కృష్ణ ఉంది. మా అక్కకి అది నేరుగా సంబంధించిన అంకె కాదు. మా అక్క ఇంటికి వచ్చే నీళ్లు వేరే దారిలో వస్తాయి. ఆ ముక్క మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. పాతికేళ్లుగా ఆ ఇంట్లో ఉన్నారు. పండక్కి వెళ్తే అక్కడే దిగుతాను. బుడమేరు వంతెన మీంచే వెళ్తాను. ఒక్కసారి కూడా కిందికి చూసి, ఇది ఎంత పెరిగితే మనం కదలాలి అక్కా, అని అడగలేదు.

అందుకని మొదటి మాట ఇది. మీ ఇంటికి వచ్చే నీళ్లు ఏ ఏటివో ముందు తెలుసుకోండి. పక్కన కనిపించే పెద్ద ఏరే మీ ఏరు కాకపోవచ్చు. వెనక ఉన్న చిన్న ఏరు కావచ్చు. ఊరి చెరువు కావచ్చు. పెద్ద మురుగు కాలువ కావచ్చు. మళ్లీ చెప్తున్నాను. మీ ఇంటికి వచ్చే నీళ్లు ఏవి? ముందు అది తెలియాలి.

ఇప్పుడు మా అమ్మమ్మ గురించి చెప్తాను. ఆవిడకి ఈ విద్య అంతా వచ్చు. ఆవిడది కోనసీమలో ఒక లంక ఊరు. చుట్టూ గోదావరి పాయలు. ఏటిగట్టుకి అవతల, ఏటి కడుపులో ఉన్న ఊరు. లంకలవాళ్లకి వరద అంటే ఏటా వచ్చే చుట్టం. వానాకాలం వస్తే అమ్మమ్మ ఇంట్లో రేడియో కట్టేవారు కాదు. ప్రాంతీయ వార్తల్లో భద్రాచలం అన్న మాట వినిపిస్తే చేతిలో పని ఆపేసేది. భద్రాచలంలో పెరిగిన నీరు ధవళేశ్వరం రావడానికి దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. అంటే భద్రాచలం అంకె ఆవిడకి ఒక రోజు ముందు అందిన ఉత్తరం.

ఇప్పటికీ భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 48 అడుగులకి రెండోది. 53 అడుగులకి మూడోది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు మీకు గుర్తుండక్కర్లేదు. మూడు మెట్లు ఉన్నాయని గుర్తుంటే చాలు.

అమ్మమ్మకి ఒక్కో మెట్టుకి ఒక్కో పని ఉండేది. మొదటి హెచ్చరిక వినగానే గొడ్ల పలుపులు విప్పించేది. పాడి గేదెలు, దూడలు అన్నీ ఏటిగట్టు మీదికి తోలించేది. రెండో హెచ్చరికకి బియ్యం, కందిపప్పు, పత్రాలున్న రేకుపెట్టె అటక మీదికి ఎక్కేవి. అగ్గిపెట్టెలు మూత బిగువుగా ఉన్న డబ్బాలోకి వెళ్లేవి. ఇక మూడోదానికి ఆవిడ రేడియో కోసం చూసేది కాదు. ఊరి పుంతలో బాగా పల్లంగా ఉన్న చోట ఒక రాయి ఉండేది. నీళ్లు ఆ రాయి మొదట్లోకి రాగానే బయల్దేరాలి. అంతే. తాతయ్య "చూద్దాంలే, తగ్గేలా ఉంది" అన్నా వినేది కాదు.

ఆ రాయి సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. అమ్మమ్మ ఇల్లు ఎత్తు మీద ఉండేది. రాయి దగ్గరికి నీళ్లొచ్చినప్పుడు ఇంటి వాకిలి ఇంకా పొడిగానే ఉంటుంది. ముగ్గు కూడా చెరగదు. మరి ఎందుకు బయల్దేరడం? ఎందుకంటే గట్టు మీదికి వెళ్లే దారి ఆ పల్లం మీంచే ఉంది. ఆ రాయి మునిగితే బండి పోదు. పిల్లలు నడవలేరు. అప్పటికి ఇల్లు మునగదు, దారి మునుగుతుంది.

శ్రోతలు దీన్ని జాగ్రత్తగా వినాలి. మనం అందరం గడప వైపు చూస్తాం. నీళ్లు గడప దాకా వస్తే అప్పుడు చూద్దాం అనుకుంటాం. గడప దాకా వచ్చేసరికి వీధి మొగలో నడుము లోతు ఉంటుంది. మీ గుర్తు గడప మీద పెట్టుకోకండి. మీరు బయటికి వెళ్లే దారిలో అన్నిటికంటే పల్లం ఎక్కడుందో అక్కడ పెట్టుకోండి.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద ఇప్పటికీ లెక్క. భద్రాచలంలో 75.6 అడుగులు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. నాకప్పుడు పదేళ్లు. సెలవులు కాకపోయినా జ్వరం వచ్చి తగ్గాక అమ్మమ్మ దగ్గర ఉన్నాను. ఆ రాత్రి నన్ను భుజాన వేసుకుని మా మావయ్య పుంత దాటడం గుర్తుంది. నీళ్లు ఆయన చీలమండల దాకానే ఉన్నాయి. గట్టు మీద టార్పాలిన్ కింద పడుకున్నాం. తెల్లారి చూస్తే మా ఊరి కొబ్బరిచెట్ల తలలు తప్ప ఇంకేమీ కనిపించలేదు. మట్టిగోడల ఇల్లు కరిగిపోయింది. మనుషులు, గొడ్లు అందరం మిగిలాం. గట్టెక్కాం అనే మాట మన భాషలోకి ఎలా వచ్చిందో ఆ పొద్దున్న నేను కళ్లారా చూశాను.

ఇందులో అమ్మమ్మ తెలివి ఎక్కడుంది? ఆవిడ ఆ రాత్రి ఏమీ ఆలోచించలేదు. ఆలోచన అంతా ఎప్పుడో అయిపోయింది. మన వంటింట్లో కుక్కర్ లాగే. పప్పు కుక్కర్ పెట్టేటప్పుడే అనుకుంటాం, మూడు విజిల్స్‌కి ఆపాలి అని. మూడో విజిల్ రాగానే చెయ్యి దానంతట అదే వెళ్తుంది. విజిల్ వచ్చాక కూర్చుని, ఇప్పుడు ఆపుదామా, ఇంకో రెండు చూద్దామా, పక్కింటివాళ్లు ఆపారా అని ఇంట్లో చర్చ పెట్టం. వరద దగ్గర మాత్రం సరిగ్గా ఆ చర్చే పెడతాం. అర్ధరాత్రి, కరెంటు లేకుండా, పిల్లలు ఏడుస్తుంటే, అప్పుడు పెడతాం. ఆ చర్చని ఎండాకాలంలో పెట్టుకోవాలి.

గట్టు గురించి కూడా ఒక మాట చెప్పాలి. కరకట్ట ఉందిగా అనే ధైర్యం మనకి చాలా ఎక్కువ. కట్ట కాపాడుతుంది, నిజం. 2022 జులై 16న భద్రాచలంలో గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. 1986 తర్వాత అంత ఎత్తు అదే. కరకట్ట లేకపోతే ఆ ఊరు ఏమై ఉండేదో ఊహించుకోలేం. కానీ కట్ట ఎప్పుడూ పైనుంచి పొర్లే తెగుతుందని అనుకోకండి. వరి చేలో గట్టు చూసినవాళ్లకి తెలుసు. గట్టు మీద జానెడు పొడి ఉంటుంది. కింద ఒక ఎండ్రకాయ బొరియ ఉంటుంది. నీళ్లు ఆ బొరియలోంచి సన్నగా మొదలవుతాయి. పోతూ పోతూ కాస్త మట్టిని తీసుకుపోతాయి. బొరియ పెద్దదవుతుంది. పెద్దదైన కొద్దీ ఇంకా మట్టి పోతుంది. తెల్లారేసరికి చేలో నీళ్లుండవు. కరకట్టకీ అదే జరుగుతుంది. ఎండ్రకాయల బదులు అక్కడ పందికొక్కుల బొరియలు ఉండొచ్చు, చచ్చిన చెట్ల వేళ్లు ఉండొచ్చు, పాత తూము చుట్టూ సందు ఉండొచ్చు.

అందుకని కట్ట పక్కన ఉండేవాళ్లు రెండు వైపులా చూడాలి. ఏటి వైపు మట్టమే కాదు, ఊరి వైపు కట్ట మొదలు కూడా చూడాలి. అక్కడ తేట నీరు ఊరుతుంటే అధికారులకి చెప్పి, కనిపెట్టుకుని ఉండాలి. ఊరే నీరు బురద రంగులోకి తిరిగిందంటే కట్ట లోపలి మట్టి బయటికి వస్తోందని అర్థం. అప్పుడు ఆలస్యం కూడదు. ఏటి వైపు అంకె ఎంత ఉన్నా సరే, బయల్దేరాలి. తేట నీరు, బురద నీరు. ఈ రెండిటి తేడా మీ పిల్లలకి కూడా చెప్పండి.

ఇప్పుడు మనం ఉంటున్న ఊరి సంగతి చూద్దాం. సింగపూర్‌కి కూడా ఈ బాధ కొత్త కాదు. 1978 డిసెంబర్‌లో ఇక్కడ ఒక్క రోజులో 512 మిల్లీమీటర్ల వాన పడింది. ఏడుగురు చనిపోయారు. 1970ల్లో ఈ చిన్న దీవిలో 3,200 హెక్టార్లు ముంపు ప్రాంతం ఉండేది. ఇప్పుడది 30 హెక్టార్ల లోపే. కాలువలు వెడల్పు చేసి, లోతు చేసి, ఏళ్ల తరబడి పని చేశారు. అయినా పెద్ద వాన వచ్చి, అదే సమయానికి సముద్రం పోటు మీద ఉంటే కాలువ నీరు త్వరగా దిగదు. మళ్లీ అదే తూము కథ.

ఇక్కడ నాకు నచ్చింది ఇంకొకటి ఉంది. ఇక్కడి జల సంస్థ పీయూబీ కాలువల్లో మట్టం కొలిచే పరికరాలు పెట్టింది. పెద్ద వాన పడితే ఫోన్‌కి సందేశం వస్తుంది. ఫలానా చోట కాలువ 90 శాతం నిండింది, గంటసేపు అటు వెళ్లకండి అని ఉంటుంది. చూశారా? 90 శాతం అనేది అంకె. అటు వెళ్లకండి అనేది పని. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. చదివినవాడు ఆలోచించక్కర్లేదు. నేను మొదటిసారి ఆ సందేశం చూసినప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. రాయి అంటే అంకె, బయల్దేరడం అంటే పని. ఆవిడ బడికి వెళ్లలేదు. అయినా ఇదే పద్ధతి.

ఆంధ్రాలో మనకి హెచ్చరికలు లేవని నేననను. కృష్ణకి ప్రకాశం బ్యారేజీ దగ్గర 3 లక్షల 97 వేల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 5 లక్షల 69 వేలకి రెండోది ఇస్తారు. ఆ వార్త అందరికీ చేరుతుంది. అది మీ వీధికి ఏమిటి అన్నది ఎవరూ చెప్పలేరు. వీధి మీది. ఆ లెక్క మీ ఇంట్లోనే తయారవ్వాలి.

మేం ఎలా తయారు చేసుకున్నామో చెప్తాను. బుడమేరు వరద మరుసటి ఏడు సంక్రాంతికి అక్క వాళ్లింటికి వెళ్లాను. అక్కా నేనూ, మేనల్లుడూ కలిసి ఇంటి నుంచి పెద్ద రోడ్డు దాకా నడిచాం. ఎక్కడ పల్లం ఉందో మాకు తెలియలేదు. పాలు పోసే ఆయన్ని అడిగాం. "ఆ కల్వర్టు దగ్గరే సార్, చిన్న వానకి కూడా అక్కడే నిలుస్తాయి" అన్నాడు. వరదలో గోడల మీద పడిన మరకలు ఇంకా ఉన్నాయి. ఆ కల్వర్టు పక్క కరెంటు స్తంభానికి మేనల్లుడు రెండు చారలు గీశాడు. అక్క దగ్గర కుట్టుపని టేపు ఉంటే దాంతో కొలిచాడు. కింది చార చీలమండ ఎత్తు. పై చార మోకాలి ఎత్తు.

కింది చారకి నీళ్లొస్తే బండి తీసి వంతెన అవతల ఎత్తు మీద పెట్టాలి. మందులు, ఆధార్ కార్డులు, ఇంటి కాగితాలు ఉన్న సంచి మేడ మీదికి వెళ్లాలి. ఫోన్లు ఛార్జింగ్‌లో పెట్టాలి. నీళ్లు పై చార వైపు పెరుగుతుంటే, ఇంకా దాన్ని తాకకముందే, పెద్దవాళ్లనీ పిల్లల్నీ తీసుకుని మా పిన్ని వాళ్లింటికి బయల్దేరాలి. అప్పటికే పై చార మునిగి ఉంటే నీళ్లలోకి దిగకూడదు. మేడ ఎక్కాలి. మోకాలు దాటిన పారే నీళ్లలో, అందులో చీకట్లో, మ్యాన్‌హోల్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఇదంతా అక్క ఒక అట్టముక్క మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది. నా ఫోన్‌లో కూడా ఆ అట్ట ఫోటో ఉంది.

ఇక్కడ దూరాన ఉన్న మన పని ఏమిటి? నా అనుభవంలో ఒకటే. మనం అక్కడివాళ్లకి ధైర్యం చెప్పాలనుకుంటాం. ఏం కాదులే అంటాం. ఆ మాట అనకండి. నేను అన్నాను. దాని బదులు, కింది చార దాకా వచ్చిందా అక్కా, అని అడగండి. ఇక్కడ సింగపూర్‌లో గడియారం రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. అక్కడ తెల్లవారుజామున మూడున్నర అయితే ఇక్కడ మనం ఆరింటికి లేస్తాం. వాళ్లు గాఢనిద్రలో ఉండే సమయానికి మనం మెలకువగా ఉంటాం. ఆ రెండున్నర గంటలు మీ ఊరి కోసం వాడండి.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, కింది చార తడిసిందిరా. బండి అవతల పెట్టాం. సంచి పైన పెట్టాం" అంది. గొంతులో వణుకు లేదు. తెల్లారేదాకా ఇద్దరం మాట్లాడుకుంటూనే ఉన్నాం. నీళ్లు పై చార దాకా రాలేదు. తగ్గిపోయాయి. పొద్దున్నే మేనల్లుడు విసుక్కున్నాడట, ఊరికే బండి తోసుకుంటూ వెళ్లాను అని. అక్క వాడికి టిఫిన్ పెడుతూ, "రేపు మళ్లీ తడిస్తే మళ్లీ తోస్తావు" అందట.

మీ అమ్మానాన్నలు ఉంటున్న వీధిలో పల్లం ఎక్కడుందో మీకు తెలుసా? తెలియకపోతే అడగండి. స్తంభం మీద చార గీయించండి. ఏ చారకి ఏ పనో రాయించండి. ఫోటో తెప్పించుకోండి.

ఇప్పుడు జురాంగ్ ఈస్ట్‌లో రాత్రి తొమ్మిదైంది. అక్కడ ఆరున్నర. ఈపాటికి మీవాళ్లు దీపాలు పెట్టి, ఇంట్లోనే ఉంటారు.